అపార్ట్‌మెంట్‌లో మన మాట చెల్లాలంటే – 3వ పాఠం: మీటింగుకు ముందే పని

కిందటి పాఠంలో మీ అసోసియేషన్ బైలాస్ (నియమావళి) తెచ్చుకుని మూడు విషయాలు రాసిపెట్టుకోమన్నాను: కోరం (మీటింగు చెల్లాలంటే రావాల్సిన కనీస మంది) ఎంత, ప్రాక్సీ (రాలేనివాళ్ల బదులు ఇంకొకరు ఓటేయడం) చెల్లుతుందా, అజెండాలో అంశం చేర్చాలంటే ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి. సెక్రటరీ గారు "చూద్దాం లెండి" అని దాటేశారా? హైదరాబాద్‌లో చాలా అసోసియేషన్లు 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైనవే. ఫీజు కడితే జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో బైలాస్ నకలు ఇస్తారు.

ఇక ఈ పాఠం. ముందు నేను చేసిన పొరపాటు చెప్తాను. ఫ్లాటు కొన్న మొదటి ఏడాది జనరల్ బాడీలో లేచి, లిఫ్ట్ ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) లెక్క మీద ఇరవై నిమిషాలు వాయించాను. లెక్కలో తప్పు ఉన్నమాట నిజమే. అయినా ఒక్క చెయ్యి లేవలేదు. మా ట్రెజరర్ రిటైరైన పెద్దాయన. పైసా తీసుకోకుండా వాచ్‌మన్ గొడవల నుంచి మోటారు రిపేరు దాకా చూసుకుంటున్న మనిషి. నలుగురిలో ఆయన్ని దొంగను చేసినట్టయింది. నా లెక్క ఎవరికీ గుర్తులేదు, నా గొంతు మాత్రం గుర్తుండిపోయింది.

ఆ తర్వాత తెలిసింది, ముందు ప్రతి గడపా తొక్కాలి. ఊరికే వెళ్తే ఓట్లకొచ్చాడంటారు కాబట్టి ఒక పని పట్టుకుని వెళ్లాలి. నాకు నల్లా బిల్లు దొరికింది. నగరంలో 2021 జనవరిలో మొదలైన నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం అపార్ట్‌మెంట్లకు ఫ్లాటు లెక్కన వర్తిస్తుంది. కాకపోతే పనిచేసే మీటరు ఉండాలి, ఫ్లాటు వివరాలకు ఆధార్ లింకవ్వాలి. లింకు కాని ఫ్లాట్ల వాటా బిల్లులో పడుతుంది, అది అందరి మెయింటెనెన్స్‌లోంచీ పోతుంది. "మీ ఫ్లాటుది లింకయిందా అండీ?" అని అడుగుతూ రెండు ఆదివారాలు తిరిగాను. అడిగింది ఆధార్ గురించే. చెప్పింది మాత్రం పార్కింగ్, సీపేజీ, పై ఫ్లాటువాళ్ల కుక్క! అన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాను.

ఇప్పుడు లెక్క వేయండి. అరవై ఫ్లాట్లు, కోరం మూడో వంతు అనుకుందాం. మీటింగుకు ఇరవై మందే వచ్చారు. మామూలు తీర్మానానికి పదకొండు చేతులు చాలు. అమెరికాలో ఉండే ఓనర్లను వదిలేయకండి. ఆదివారం ఉదయం పదికి మీటింగంటే న్యూయార్క్‌లో శనివారం అర్ధరాత్రి. బైలాస్ ఒప్పుకుంటే వాళ్ల ప్రాక్సీ ఉత్తరం ముందే తెప్పించుకోండి.

తర్వాత తీర్మానం. "ట్యాంకర్ల ఖర్చు తగ్గించాలి" అని రాస్తే అందరూ తలూపి ఇంటికెళ్తారు. ఇలా రాయండి: "ట్యాంకరు వచ్చిన ప్రతిసారీ సంపు మట్టం ముందూ తర్వాతా ఫోటో తీయాలి. నెలాఖరున బిల్లులతో కలిపి నోటీసు బోర్డులో పెట్టాలి. బాధ్యత: 302 ఫ్లాటు." ఆ 302 మీరే కావాలి. పని నెత్తిన వేసుకునేవాడికి అడ్డు చెప్పడం కష్టం.

ఆ కాగితాన్ని మీటింగుకు వారం ముందే ట్రెజరర్ గారింటికి పట్టుకెళ్లండి. ఆయన మార్చమన్న మాట మార్చండి. వీలైతే ప్రతిపాదన ఆయన్నే చేయమని, మీరు బలపరచండి. పేరు ఆయనకు పోతుందని టెన్షన్ పడొద్దు. మీకు కావాల్సింది సంపు ఫోటో. చివరికి మినిట్స్ బుక్కులో తీర్మానం మీరు రాసిచ్చిన మాటల్లోనే ఎక్కిందో లేదో చదివి, సంతకాలయ్యాకే కుర్చీలోంచి లేవండి. నేను ఒకసారి చదవకుండా లేచాను, "చర్చించడమైనది" అని రాసి ఉంది.

ఈ వారం పని: ఫ్లాట్ల పట్టిక గీసి, ఓనరా అద్దెకా, ఫోన్ నంబరు, వాళ్ల బాధ ఏమిటి అని గడులు పెట్టండి. కనీసం ఐదు గడపలు పూర్తి చేయండి. మీ అంశాన్ని అజెండాలో ఎక్కించనంటే ఏం చేయాలో నాలుగో పాఠంలో.