చిన్న ట్రస్టు నడిపేవాళ్ళకు పాఠాలు – 4: ఎవరికి ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి

పోయిన పాఠం చివర ఒక లెక్క ఇచ్చాను. చేతిలో 3 లక్షలు, ముందు 20 అప్లికేషన్లు. ఎవరికి ఎంత ఇస్తారో, ఎందుకో రాయమన్నాను. ఎక్కువమంది 3 లక్షల్ని 20తో భాగించి తలా 15 వేలు రాసి పంపారు. ఈసారి రికార్డులు రాయడం గురించి చెబుదామనుకున్నాను గానీ, ఈ భాగహారం సంగతి తేలకుండా ముందుకు వెళ్ళలేం.

డీడ్‌లో (ట్రస్టు పెట్టినప్పటి పత్రంలో) రాసుకున్న ఉద్దేశాలకు బయట ఉన్నవి ముందే తీసేయాలనీ, ట్రస్టీల బంధువులకు ఇవ్వకూడదనీ మీకు తెలుసు. ఒక్క మాట మాత్రం చెప్పాలి. "మా కులం పిల్లలకే ఇస్తాం" అని కొందరు రాశారు. 1962 ఏప్రిల్ 1 తర్వాత పెట్టిన ట్రస్టు ఒక కులానికో మతానికో మాత్రమే మేలు చేసేదైతే పన్ను మినహాయింపు పోతుంది. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతులకు, స్త్రీలకు, పిల్లలకు పెట్టినవాటికి ఈ అడ్డు లేదు.

ఇక భాగహారం. ట్రస్టు పెట్టిన రెండో ఏడు మేమూ ఇదే చేశాం. నర్సింగ్ చదివే ఒకమ్మాయికి హాస్టల్ బాకీ 42 వేలు. అందరితో పాటు ఆ అమ్మాయికీ 6 వేల చెక్కు ఇచ్చి, ఫొటో తీసుకున్నాం. మిగతా 36 వేలు వాళ్ళ నాన్న మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. అంటే నెలకు 1,080. ఆర్నెల్లు తిరిగేసరికి మేమిచ్చినదానికంటే ఎక్కువే వడ్డీకి పోయింది. తర్వాత ఏడాది ఆయనే వచ్చి ఈ లెక్క చెప్పాడు. కోపంగా కూడా చెప్పలేదు. ఆ రోజు నుంచి తలా కాస్త పంచడం మానేశాం.

మనమిచ్చే డబ్బుతో ఆ పని పూర్తవ్వాలి. లేదా మిగతాది ఎక్కడి నుంచి వస్తుందో కాగితం మీద కనబడాలి. కళ్ళజోడు అయితే చిన్న మొత్తంతోనే పూర్తవుతుంది. బస్ పాస్ కూడా అంతే. బడిలో మరుగుదొడ్డి కట్టించి నీళ్ళ పైపుకి డబ్బు లేకపోతే దానికి తాళమే పడుతుంది. అలాంటప్పుడు కట్టించకుండా ఆ డబ్బుతో ఇంకో బడిలో పాతది బాగుచేయించండి.

"పన్ను మినహాయింపు కావాలంటే మార్చి ఆఖరులోగా ఏడాది ఆదాయంలో 85 శాతం ఖర్చు పెట్టాలి కదా, అందుకే పంచేశాం" అన్నవాళ్ళూ ఉన్నారు. ఫలానా పనికని రాసి, గడువులోగా ఆదాయపు పన్ను శాఖకు ఫారం ఇస్తే 5 ఏళ్ళ వరకు నిలవ ఉంచుకోవచ్చు. ఆడిటర్‌ని జనవరిలోనే కలిస్తే మార్చిలో ఈ టెన్షన్ ఉండదు.

ప్రభుత్వం ఏది ఇస్తోందో కూడా చూడాలి. ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కింద అవుతుంటే ఆ బిల్లు మనం కట్టక్కర్లేదు. కానీ కూలి పోగొట్టుకుని మంచం పక్కన కూర్చున్న మనిషికి రెండు పూటలా అన్నం కావాలి కదా. మా ట్రస్టు అక్కడ పెడుతుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఖర్చు ఇదే. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపేసిన పిల్లలకు వడ్డీ లేని అప్పు ఇస్తే చాలు, డబ్బు పడ్డాక తిరిగి కడతారు.

నేను అప్లికేషన్ చదివేముందు పేరు, ఫొటో ఉన్న పేజీ తీసి పక్కన పెడతాను. ముందు ఎంత కావాలో, ఎప్పటికి కావాలో, ఇంకెవరు ఇస్తున్నారో చూస్తాను. ఫొటో ముందు చూస్తే ఆ మూడూ సరిగ్గా చదవలేను.

ఈసారి అభ్యాసానికి చాలా టైమ్ పడుతుంది. గత రెండేళ్ళలో మీ ట్రస్టు డబ్బిచ్చిన ప్రతి ఒక్కరికీ ఫోన్ చేయండి. మొత్తం ఎంత అవసరమైంది, మనమిచ్చింది పోను మిగతాది ఎక్కడ తెచ్చారు, ఎంత వడ్డీకి అని అడిగి రాసుకోండి. ఆ కాగితం ముందు పెట్టుకుని 20 అప్లికేషన్లూ మళ్ళీ తీయండి. కాదన్న ప్రతివాళ్ళకూ నాలుగు లైన్ల ఉత్తరం కూడా రాయాలి: ఎందుకు ఇవ్వలేకపోతున్నారో, ఇంకెక్కడ అడగవచ్చో.