ఆపి ఉంచిన కారు వెనక కిర్రుమంటుంటే ముందు హ్యాండ్‌బ్రేక్ దించి చూడండి

సంక్రాంతికి కొత్తపట్నంలో మా అత్తగారింటి ముందు రెండు రాత్రులు కారు పెట్టాం. బయల్దేరేటప్పుడు డిక్కీలో 25 కిలోల బియ్యం బస్తా పెట్టగానే కుడివైపు వెనక చక్రం దగ్గర పాత తలుపు తీసినట్టు కిర్రుమంది. మామయ్య వెనక సీట్లో కూర్చుంటే మళ్లీ అదే. నడుస్తుంటే మాత్రం ఏ శబ్దమూ లేదు. ఒంగోలులో ఒక షెడ్డులో చూపిస్తే, చక్రమైనా విప్పకుండా షాక్ అబ్సార్బర్లు రెండూ పోయాయన్నారు. నేను మార్పించలేదు, అవి బాగానే ఉన్నాయి.

మన చిన్న కార్లలో చాలావాటికి వెనక డ్రమ్ బ్రేకులే, అంటే చక్రంతోపాటు తిరిగే ఇనప గిన్నె లాంటి డ్రమ్‌ని లోపలి నుంచి వంపు తిరిగిన రెండు షూలు అదిమి ఆపేవి. హ్యాండ్‌బ్రేక్ లాగితే కేబుల్ లోపలి లీవర్‌ని గుంజి రెండు బ్రేక్ షూలను డ్రమ్‌కి అదిమిపెడుతుంది. బరువు పడి కారు వెనక భాగం దిగినప్పుడు వెనక చక్రాలను కలిపే యాక్సిల్ కూడా కొద్దిగా తిరుగుతుంది, దానికి బిగించి ఉన్న షూలు దాంతోపాటు కదలబోతాయి, డ్రమ్మేమో నేలకానిన టైరుతో ఉంటుంది కాబట్టి అంత తేలిగ్గా కదలదు. ఆ పెనుగులాటలో షూ పట్టుకుని జారి, మళ్లీ పట్టుకుని జారి కిర్రుమంటుంది. రాత్రి మంచుకీ ఉప్పుగాలికీ డ్రమ్ లోపల సన్నటి తుప్పు పొర పడితే ఇంకా గట్టిగా వినిపిస్తుంది.

ఇప్పుడు పరీక్ష. సమతలంగా ఉన్న చోట కారు ఆపి, ఇంజన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ లాగి, డిక్కీ అంచు మీద రెండు చేతులూ వేసి నాలుగైదుసార్లు బరువుగా నొక్కండి, ఏ పక్కన మోగుతుందో ఇంకొకరిని వినమనండి. తర్వాత ముందు చక్రాలకు రెండు వైపులా ఇటుకలు పెట్టి, మొదటి గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించి మళ్లీ అలాగే నొక్కండి. ముందు చక్రాలతో నడిచే కారైతే గేరు పట్టు వాటికే ఉంటుంది, వెనక చక్రాలు స్వేచ్ఛగా ఉంటాయి. శబ్దం పోయిందా, అది బ్రేకుదే. పోలేదా, సస్పెన్షన్ వైపు, అంటే కారు బరువు మోస్తూ కుదుపులు తట్టుకునే భాగాల వైపు చూడాలి.

సస్పెన్షన్ అయితే ఎక్కువగా యాక్సిల్ చివర రబ్బరు బుష్‌లే. వాటి మీద కాసిని నీళ్లు చల్లి నొక్కి చూడండి, కాసేపు శబ్దం తగ్గినా మారినా బుష్‌ని అనుమానించాలి. ఇంజన్ ఆయిల్ మాత్రం పూయొద్దు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

బ్రేకే అని తేలితే, రోడ్డెక్కాక వెనక బండి లేకుండా చూసుకుని మెల్లగా ఐదారుసార్లు బ్రేక్ వేయండి, పైపై తుప్పు అయితే దాంతోనే పోతుంది. రోజూ వస్తుంటే డ్రమ్ విప్పించండి. షూలు ఆనే బ్యాక్ ప్లేట్ (డ్రమ్ వెనక ఉండే కదలని రేకు) మీద కాస్త ఎత్తుగా ఉన్న చోట్లు మెరిసేలా అరిగి పొడిగా ఉంటాయి, అక్కడ వేడికి కరగని బ్రేక్ గ్రీజు పలచగా రాయాలి. షూ మీద రాపిడి పొర అయిన లైనింగ్‌కి గానీ డ్రమ్ లోపలికి గానీ చుక్క తగిలినా బ్రేక్ పట్టదు, ఇది దగ్గరుండి చూసుకోండి. లోపలి దుమ్ము నోటితో ఊదొద్దు, తడిగుడ్డతో తుడవాలి. లైనింగ్ అరిగిపోతే రెండు పక్కలా ఒకేసారి మార్పించాలి.

చక్రం లోపలి వైపు తడి మరక, బ్రేక్ ఆయిల్ తగ్గడం, నడిచాక ఒక్క చక్రమే బాగా వేడెక్కడం, హ్యాండ్‌బ్రేక్ లాగినా కారు జారడం, వీటిలో ఏది కనిపించినా ఇంట్లో పరీక్షలు ఆపేసి అదే రోజు మెకానిక్‌కి చూపించండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరొద్దు.

కారు కడిగాక వెంటనే హ్యాండ్‌బ్రేక్ లాగి పెట్టేయకండి, ఒక కిలోమీటరు తిప్పి బ్రేకులు ఆరనివ్వండి. సముద్రం పక్కన రాత్రంతా ఉంచాల్సి వస్తే, నేల సమంగా ఉంటే, గేరులో పెట్టి చక్రాలకు ఇటుకలు అడ్డం పెడితే చాలు. మామయ్య ఇప్పుడు మేం వస్తున్నామంటే గేటు పక్కన నాలుగు ఇటుకలు తీసి ఉంచుతున్నారు.