మా ఆవుకి పిడుదులు పోయాయి ఇలా (నా అనుభవం)

మాది బొబ్బిలి దగ్గర పల్లె. మొన్న వానాకాలంలో మా జెర్సీ ఆవు పాలు పూటకి 6 లీటర్ల నుంచి 3కి పడిపోయాయి. చూస్తే చెవుల్లో, పొదుగు పక్కన, తోక కింద గుత్తులుగా పిడుదులు. చేత్తో లాగి పడేశాను. వారంలో మళ్లీ అంతే. చాలా టెన్షన్ పడ్డాను. ఇవి రక్తం తాగడంతో ఆగవు, థైలీరియా, బెబీసియా జ్వరాలు కూడా అంటిస్తాయి. సంకరజాతి ఆవులకి ప్రాణం మీదకే వస్తుంది.

పశువుల డాక్టరు గారు చెప్పాకే నా పొరపాటు తెలిసింది. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు ఆవు మీద గుడ్లు పెట్టదు. కింద రాలి, గోడ పగుళ్లలోనో చెత్త కిందో వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఆ పిల్లలే మళ్లీ ఆవునెక్కుతాయి. నేను ఆవునే చూశాను, పశువుల సాలని వదిలేశాను.

ఆయన రాసిచ్చిన ఫ్లుమెత్రిన్ మందు, చెప్పిన కొలతలోనే, వెన్ను పొడవునా పోశాను. సాలలో పాత గడ్డి తీసి కాల్చి, పగుళ్లు సిమెంటుతో పూడ్చి, ఆవుని బయట కట్టి నేలకీ గోడలకీ వేరే మందు కొట్టాను. గుడ్లకి మందు సరిగా పట్టదు, అందుకే 3 వారాలకి మళ్లీ కొట్టాను.

"కొంగలు తినేస్తాయిలేరా" అనేది అమ్మ. కానీ ఆవు వెంట నడిచే తెల్లకొంగ ఎక్కువగా దాని అడుగులకి లేచే మిడతల కోసమే వస్తుంది. కొంగకి లాభం, ఆవుకి నష్టం లేదు. గోరువంకలు, కాకులు మాత్రం కొన్ని పిడుదులు నిజంగానే ఏరుతాయి. అప్పుడు మా ఆవు చెవి వంచి కదలకుండా నిలబడుతుంది, ఎంత ముచ్చటగా ఉంటుందో! అయినా అంత గుంపుని పిట్టలు ఖాళీ చెయ్యలేవు.

నెలకి చెవులు శుభ్రపడ్డాయి. పాలు 5 లీటర్లకి వచ్చాయి.