జాజ్ సోలోలో దారి తప్పకుండా నాలుగు వేళ్ల లెక్క

జాజ్ వింటుంటే సోలో (ఒక్కరే అప్పటికప్పుడు అల్లి వాయించే భాగం) మొదలైన అర నిమిషానికే పాటలో ఎక్కడున్నామో తెలియకుండా పోతుంది. అందుకే ఇప్పుడు వేళ్లు మడిచి లెక్కపెడుతున్నాను.

ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959లో రికార్డు చేసిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఆల్బమ్‌లోని ‘సో వాట్’ పెట్టండి. మొదట్లో పియానో, బాస్ తీరిగ్గా నడుస్తాయి, అక్కడ లెక్క వద్దు. బాస్ ట్యూన్ అందుకున్నాక మొదలుపెట్టండి. ట్యూన్ ఒక చుట్టుకి 32 బార్లు (బార్ అంటే తాళంలో ఒక ఆవృతం), బార్‌కి నాలుగు దెబ్బలు. సోలోల్లోనూ ఇదే చుట్టు మళ్లీ మళ్లీ తిరుగుతుంది. కుడిచేత్తో తొడమీద తాళం వేస్తూ, ఎనిమిది బార్లు అయినప్పుడల్లా ఎడమచేతి వేలు ఒకటి మడవండి. రెండు వేళ్లు మడిచాక సంగీతం అర స్వరం పైకి జరగాలి. జరగలేదా, లెక్క తప్పింది, వెనక్కి వెళ్లండి. ప్లేయర్‌లో వేగం 0.75కి తగ్గిస్తే తేలిక, శ్రుతి మారదు.

లెక్క కుదిరాక డేవిస్ ట్రంపెట్ సోలోలో మొదటి నాలుగు బార్లు విని, ఆపి, తర్వాతి నాలుగు మీరే కూనిరాగం తీయండి. అప్పుడు ఆయన ఏం వాయించాడో వినండి. నేను స్వరాలు కుక్కి కుక్కి పాడిన చోట ఆయన హాయిగా ఖాళీ వదిలేశాడు!

అదే ఆల్బమ్‌లో రెండోదైన ‘ఫ్రెడ్డీ ఫ్రీలోడర్’కి మాత్రం ఈ లెక్క పనిచేయదు. అది 12 బార్లకే చుట్టు పూర్తయ్యే బ్లూస్ పద్ధతి పాట. నాలుగేసి బార్లకి ఒకటి చొప్పున మూడు వేళ్లే మడవాలి.