ఇంట్లో మనిషి ఆక్సిజన్ మీద ఉంటే కరెంటు, నీళ్ళు, ఫ్రిజ్ మొరాయించినప్పుడు: సమస్య - పరిష్కారం

బెంగళూరులో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఒక్క గాలివాన చాలు. చెట్టు కొమ్మ విరిగి తీగల మీద పడుతుంది, వీధంతా చీకటైపోతుంది. భర్తో భార్యో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ వేరుచేసి ఇచ్చే మెషిన్) మీద ఉన్న ఇంట్లో, ఆక్సిజన్ దగ్గర నిప్పు పనికిరాదు కాబట్టి ఆ చీకట్లో కొవ్వొత్తి వెలిగించడానికి కూడా లేదు. పిల్లలు ఎక్కడో ఉద్యోగాల్లో ఉంటారు. ఇంట్లో ఉండేది ఇద్దరే, అందులో ఒకరు మంచం మీద. రెండోవారే నర్సు, ఎలక్ట్రీషియను, ప్లంబరు.

అందుకే ఇక్కడ రాసిన ప్రతి సమస్యకూ వర్తించే నియమం ఒకటే: ముందు మనిషి, తర్వాత మెషిన్. ఏది ఆగినా ముందు మనిషిని వేరే ఏర్పాటు మీదికి మార్చండి. ఐదు నిమిషాలు పక్కనే ఉండి, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటరును వేలికి పెట్టి చూడండి. అంకె నిలబడ్డాకే టెస్టరు చేతిలోకి తీసుకోండి. పెదవులు నీలంగా మారినా, మాట తడబడినా, ఎన్నడూ లేనంత మగతగా ఉన్నా ఇక రిపేరు ఆలోచనే వద్దు, 108కి ఫోన్ చేయండి.

కరెంటు పోయింది, కాన్సంట్రేటర్ ఆగి కూత పెడుతోంది

సిలిండరుకు మార్చండి. ఇళ్ళలో ఎక్కువగా ఉండేది బి టైపు సిలిండరు, నిండుగా ఉంటే సుమారు 1500 లీటర్ల ఆక్సిజన్. నిమిషానికి 1 లీటరు చొప్పున 25 గంటలు, 2 లీటర్లకు పన్నెండున్నర, 3 లీటర్లకు 8 గంటల పైచిలుకు వస్తుంది. గేజీ ముల్లు నిండు సిలిండరుకు 150 దగ్గర ఉంటుంది. 75 చూపిస్తే పై లెక్కలో సగం. పావు వంతుకు దిగేలోపు రీఫిల్‌కు చెప్పాలి, ఎందుకంటే వాన రోజున బండి అనుకున్న వేళకు రాదు.

వాల్వు నెమ్మదిగా తిప్పండి. తాళంతో తిప్పే రకమైతే ఆ తాళాన్ని సిలిండరు మెడకే తాడుతో కట్టి ఉంచండి, చీకట్లో అల్మరాలు వెతికే పని ఉండదు. సిలిండరును నిలబెట్టి, గోడకు గొలుసుతో బిగించాలి. ఎన్ని లీటర్లు పెట్టాలో డాక్టరు చెప్పిందే పెట్టండి. ఆయాసపడుతున్నారని మీరే పెంచకండి. సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవాళ్ళలో ఆక్సిజన్ ఎక్కువైతే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగతలోకి జారిపోవచ్చు. వాళ్ళకు డాక్టర్లు సాధారణంగా ఆక్సీమీటరు అంకె 88 నుంచి 92 మధ్య ఉంచమంటారు. మీ మనిషికి రాసిచ్చిన అంకె ఏదో అది సిలిండరు మీదే పెద్దక్షరాలతో రాసి అంటించండి.

ఆక్సీమీటరు అంకె హఠాత్తుగా పడిపోతే ఒకసారి వేలు చూడండి. వేళ్ళు చల్లబడినా, గోళ్ళకు రంగు ఉన్నా, ముదురు గోరింటాకు ఉన్నా రీడింగు తప్పు రావచ్చు. చెయ్యి రుద్ది వెచ్చబరిచి, వేరే వేలికి పెట్టి చూడండి. మనిషి కూడా ఇబ్బందిగా కనిపిస్తుంటే మాత్రం వేళ్ళు మారుస్తూ కూర్చోకండి.

తర్వాత కిటికీలోంచి చూడండి. వీధంతా చీకటైతే బెస్కాం (బెంగళూరు కరెంటు సంస్థ) నంబరు 1912. బిల్లు మీది ఖాతా నంబరు అడుగుతారు, సెల్‌ఫోన్లో ఫొటో తీసి ఉంచుకోండి. ఫిర్యాదు నంబరు రాసుకోండి. గాలివాన రోజు ఆ లైను దొరకడం కష్టం, కాబట్టి మీ పేట సెక్షను ఆఫీసు నంబరు ముందే సంపాదించుకోండి. కన్నడం రానివాళ్ళు ఈ రెండు ముక్కలు నోటికి తెచ్చుకోండి: "మనేలి పేషెంట్ ఇద్దారె, ఆక్సిజన్ మెషిన్ మేలె ఇద్దారె. లైన్‌మన్‌న బేగ కళ్సి." (ఇంట్లో పేషెంటు ఆక్సిజన్ మెషిన్ మీద ఉన్నారు, లైన్‌మన్‌ను త్వరగా పంపండి అని.) తెలుగులో పది వాక్యాలు చెప్పినా రాని స్పందన దీనికి వస్తుంది.

పక్కింట్లో ఉంది, మనింట్లో లేదు

మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ అనే భద్రతా స్విచ్చు మీట కిందికి పడి ఉంటే ఎక్కడో కరెంటు లీకవుతోందని అర్థం. అన్ని ఎంసీబీలూ (ఒక్కో లైనుకు ఉండే చిన్న స్విచ్చులు) దించండి. ఆర్‌సీసీబీ ఎత్తండి. అది నిలబడితే ఎంసీబీలు ఒక్కొక్కటే ఎత్తుతూ రండి. ఏది ఎత్తగానే పడిందో దొంగ అక్కడే. ఈ ఊళ్ళో చాలాసార్లు అది గీజరే. బోరునీళ్ళ సున్నం ఎలిమెంటుకు పట్టి, అది చిట్లి, నీళ్ళు లోపలికి చేరతాయి. ఆ ఒక్క ఎంసీబీ దించేసి మిగతా ఇల్లు నడుపుకోవచ్చు. స్నానానికి నీళ్ళు స్టవ్ మీద కాచుకోండి. ఆర్‌సీసీబీని తప్పించి వైరు నేరుగా కలిపేస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. తడిబట్టతో ఒళ్ళు తుడిచే ఇంట్లో, మంచం పక్కనే మెషిన్లు నడిచే ఇంట్లో ప్రాణాలు కాపాడేది అదే.

అపార్ట్‌మెంటులో జనరేటరు నడుస్తున్నా మీ ఫ్లాటులో కరెంటు రాకపోతే కారణం తరచుగా లోడే. జనరేటరు మీద ఫ్లాటుకు ఇచ్చేది కొద్దిపాటి లోడే. గీజరో ఇండక్షన్ స్టవ్వో వేసి ఉంటే మొత్తం కట్ అవుతుంది. అవి ఆపి చూడండి.

ఇంకో లక్షణం గుర్తుంచుకోండి. బల్బులు కొన్ని కళ్ళు చెదిరేంతగా వెలుగుతూ, కొన్ని మిణుకుమంటూ ఉంటే న్యూట్రల్ తీగ తెగిందన్నమాట. ఒక్క క్షణం ఆలోచించకుండా మెయిన్ దించేయండి. లేకపోతే కాన్సంట్రేటర్, ఫ్రిజ్ రెండూ కాలిపోతాయి.

ఇన్వర్టరు ఉంది కానీ గంటకే చేతులెత్తేసింది

5 లీటర్ల కాన్సంట్రేటర్ సుమారు 350 వాట్లు తాగుతుంది. 150 ఏహెచ్, 12 వోల్టుల బ్యాటరీలో ఉండేది 1800 వాట్-అవర్లు. నష్టాలు పోను కొత్త బ్యాటరీ మీద 3 గంటలు లెక్కవేసుకోండి. మూడేళ్ళు దాటిన బ్యాటరీ అందులో సగం ఇస్తే గొప్ప. అదే లైను మీద ఫ్రిజ్, టీవీ కూడా ఉంటే ఇంకా తగ్గుతుంది.

కరెంటు పోగానే ఓవర్‌లోడ్ లైటు వెలిగితే, కంప్రెసరు మొదలయ్యేటప్పుడు లాగే అదనపు కరెంటును మీ ఇన్వర్టరు తట్టుకోలేకపోతోందన్నమాట. మిగతా లోడు తీసేయండి. కరెంటు మారే క్షణంలో మెషిన్ ఆగి మళ్ళీ మొదలవుతుంటే ఇన్వర్టరు వెనక మీట యూపీఎస్ మోడులో ఉందో లేదో చూడండి. చవకలో దొరికే స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద కంప్రెసరు వేడెక్కి పాడవుతుంది. ఈ ఇంట్లో ప్యూర్ సైన్ వేవ్ తప్ప వేరేది కొనకండి. కాన్సంట్రేటర్ పెట్టే ప్లగ్గు ఇన్వర్టరు లైను మీద ఉందో లేదో పగలే తేల్చుకుని, దాని చుట్టూ ఎర్ర టేపు అంటించండి.

రెండు మూడు నెలలకోసారి బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయాలి. టెర్మినళ్ళ మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే ఇన్వర్టరు ఆపి, వేడినీళ్ళలో వంటసోడా కలిపి పాత బ్రష్షుతో రుద్ది, ఆరాక వాజలీన్ రాయండి. ఆ చేతులతో ఆక్సిజన్ రెగ్యులేటరు ముట్టుకోవద్దు. ఒత్తిడి మీదున్న ఆక్సిజన్ తగిలితే నూనె, గ్రీజు, వాజలీన్ ఏదైనా అంటుకోవచ్చు. ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.

నెలకోసారి మనిషిని సిలిండరు మీద ఉంచి, మెయిన్ దించి, బ్యాటరీ ఎంతసేపు నడిపిందో గడియారం చూసి రాసుకోండి. కంపెనీ చెప్పిన గంటలకన్నా ఈ అంకే నిజం.

కాన్సంట్రేటర్ నడుస్తోంది, ఆక్సిజన్ రావట్లేదు

తేమ సీసాలో (ఆక్సిజన్ నీళ్ళలోంచి వెళ్ళే సీసా) బుడగలు లేకపోతే ముందు సీసా మూత చూడండి. చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది: మరలు వంకరగా ఎక్కి ఉంటాయి. విప్పి, చదునైన బల్ల మీద పెట్టి, ముందు ఎడమకు కొంచెం తిప్పి మరలు కుదిరాక కుడికి బిగించండి. తర్వాత ముక్కు గొట్టాన్ని మధ్యలో మడిచి గట్టిగా పట్టుకోండి. సీసా ఈల వేస్తే అక్కడిదాకా లీకు లేదు. ఈల రాకపోతే లీకు సీసా దగ్గరే. ఈల వచ్చి కూడా మనిషికి అందకపోతే గొట్టం పరుపు కిందో మంచం కోడు కిందో నలిగి ఉంటుంది. గొట్టం చివర గ్లాసు నీళ్ళలో ముంచితే బుడగలు రావాలి, అదే చివరి పరీక్ష.

పసుపుపచ్చ లేదా ఎర్ర లైటు వస్తే ఆక్సిజన్ శాతం పడిపోయిందని అర్థం. మంచి మెషిన్ 90 పైన ఇస్తుంది, 82-85 కిందికి పోతే హెచ్చరిస్తుంది. ఆన్ చేసిన మొదటి కొన్ని నిమిషాలు ఈ లైటు మామూలే. ఆ తర్వాత కూడా ఉంటే వెనక ఫిల్టరు తీయండి. రోడ్డు పక్క ఇళ్ళలో, కట్టడాలు నడిచే పేటల్లో వారానికే బూడిద రంగు దుప్పటిలా దుమ్ము పట్టి ఉంటుంది. గోరువెచ్చని సబ్బునీళ్ళలో కడిగి పూర్తిగా ఆరబెట్టి పెట్టండి. తడి ఫిల్టరు పెట్టకూడదు, అందుకే ఎప్పుడూ రెండు ఉండాలి. మెషిన్ గోడకూ కర్టెనుకూ కనీసం అడుగు దూరంలో ఉండాలి. ఇవన్నీ సరిగ్గా ఉన్నా లైటు పోకపోతే లోపల నైట్రోజన్‌ను పట్టి ఉంచే జియోలైటు గుళికలు పాడై ఉండొచ్చు. అది ఇంట్లో అయ్యే పని కాదు. సిలిండరుకు మార్చి, అద్దెకు ఇంకో మెషిన్ తెప్పించుకోండి.

గొట్టంలో నీళ్ళు గుడగుడమంటే సీసా గీత దాటి నింపారు, లేదా గొట్టం చల్లటి గచ్చు మీద పడి ఉంది. నీళ్ళు దులిపేసి, గొట్టాన్ని మంచం అంచుకు ఎత్తి కట్టండి. సీసాలో పోసేది కాచి చల్లార్చిన నీళ్ళో డిస్టిల్డ్ వాటరో అయి ఉండాలి, రోజూ మార్చాలి.

గాలి పరుపు చదునైపోయింది

పంపు చప్పుడు వస్తున్నా పరుపు లేవకపోతే మూడే కారణాలు: పంపు దగ్గర గొట్టం ఊడింది, తలవైపు ఉండే గాలి వదిలే మూత తెరుచుకుంది, ఏదో ఒక గది చిల్లిపడింది. చిల్లిని సబ్బునురగ రాసి పట్టుకోవచ్చు. గాలి చాలినంత ఉందో లేదో తెలియాలంటే మనిషి పిరుదుల కింద, పరుపు అడుగున, అరచెయ్యి దూర్చండి. ఎముక చేతికి తగులుతుంటే పరుపు ఉన్నా లేనట్టే. బాగయ్యేదాకా, ఒంటికి పుండ్లు పడకుండా, మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, రాత్రి కూడా, అలారం పెట్టుకుని. ఈ పంపు తినే కరెంటు చాలా తక్కువ, ఇన్వర్టరు మీదే ఉంచండి. కరెంటు అసలే లేకపోతే గొట్టాలు మడిచి బట్టల క్లిప్పులు పెడితే కొన్ని గంటలు గాలి నిలుస్తుంది.

ఫ్రిజ్ ఆగింది, లోపల ఇన్సులిన్ ఉంది

తలుపు తెరవకపోతే సుమారు 4 గంటలు చల్లదనం నిలుస్తుంది. వాడుతున్న ఇన్సులిన్‌కు భయం లేదు, చాలా రకాలు 30 డిగ్రీల లోపు సుమారు 4 వారాలు ఉంటాయి. మీ దాని కాగితంలో ఎంతని ఉందో చూడండి. తెరవని సీసాలనే కాపాడాలి. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత బిగించి, తడి మట్టికుండలో ఉంచండి. ఐసుముక్కకు ఆనించి పెట్టకండి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపించినా సరిగ్గా పనిచేయదు, పారేయాలి. కంప్రెసరు టిక్ టిక్ మంటూ మొదలవలేకపోతుంటే ముందు వోల్టేజి చూడండి. స్టెబిలైజరు లేకపోతే వోల్టేజి కుదిరేదాకా ప్లగ్గు తీసేయడమే మేలు.

మోటారు గుయ్యిమంటోంది, ట్యాంకులోకి నీళ్ళెక్కట్లేదు

మంచం మీద మనిషి ఉన్న ఇంట్లో దుప్పట్లు, గుడ్డలు, కమోడ్ కలిపి నీళ్ళ వాడకం బాగా ఎక్కువ. బాత్రూములో 50 లీటర్ల డ్రమ్ము ఎప్పుడూ నిండుగా ఉండాలి. మోటారు ఆగిన రోజు అదే ఆదుకుంటుంది.

ముందు సంపు మూత ఎత్తి టార్చితో చూడండి. చాలా పేటల్లో కావేరి నీళ్ళు వచ్చేది రోజు విడిచి రోజు, ఒక్కోసారి సంపు ఖాళీ అయి ఉంటుంది. నీళ్ళు రాకపోతే జలమండలి నంబరు 1916. సంపులోకి మాత్రం దిగకండి, ఒంటరిగా ఉన్నప్పుడు వంగి లోపలికి చెయ్యి కూడా పెట్టకండి.

సంపులో నీళ్ళు ఉండి, మోటారు తిరుగుతూ ఉత్త గాలి లాగుతుంటే ఎంసీబీ దించి, పంపు మీది బిరడా విప్పి, మగ్గుతో నీళ్ళు పోయండి. రెండు మూడు లీటర్లకు నిండి నిలబడితే బిగించి ఆన్ చేయండి. ఎంత పోసినా దిగిపోతుంటే అడుగున ఫుట్ వాల్వులో మట్టి ఇరుక్కుంది, ప్లంబరు పని. మోటారు తిరగకుండా ఉత్తినే గుయ్యిమంటే వెంటనే ఆపండి, నిమిషాల్లో కాయిల్ కాలుతుంది. కరెంటు తీసేశాక వెనక ఫ్యాను ఇరుసును స్క్రూడ్రైవరుతో తిప్పి చూడండి. తేలిగ్గా తిరిగితే చాలావరకు కెపాసిటరు (మోటారు మొదలవడానికి తోడ్పడే భాగం) పోయి ఉంటుంది. బిగుసుకుపోయి ఉంటే లోపల తుప్పు. కెపాసిటరు మీద రాసిన మైక్రోఫారడ్లు, వోల్టులు చూసి అదే కొనాలి, బెంగళూరు ఎస్‌పీ రోడ్డు బజారులో దొరకనిది లేదు. బిగించడం మాత్రం ఎలక్ట్రీషియనుకే వదలండి, కరెంటు తీసినా దానిలో షాకు మిగిలి ఉంటుంది.

సంపు దగ్గరికో మేడ మీదికో వెళ్ళేటప్పుడు మంచం పక్కన వైర్‌లెస్ కాలింగ్ బెల్ మీట ఉంచి, మోగే పెట్టె మీ జేబులో వేసుకోండి. ప్లగ్గుకు పెట్టే రకం కరెంటు పోయినప్పుడు మోగదు, బ్యాటరీది కొనండి.

గ్యాసు వాసన

స్విచ్చులేవీ ముట్టుకోవద్దు, వెయ్యనూ వద్దు ఆపనూ వద్దు. గ్యాసు సిలిండరు రెగ్యులేటరు తీసి, కిటికీలు తెరిచి, మనిషిని బయటికి తెచ్చి, బయటి నుంచి 1906కి ఫోన్ చేయండి. వాసన లేని రోజుల్లో కూడా స్టవ్వుకీ ఆక్సిజన్‌కీ మధ్య కనీసం 10 అడుగులుండాలి. ఆ గదిలో దేవుడి మందిరం ఉంటే దీపం, అగరుబత్తి వేరే గదికి మార్చండి. ఎన్నో ఏళ్ళుగా ఉన్న చోటు మార్చడం మనసుకు కష్టమే, అయినా మార్చాలి.

బాత్రూము గడియ, రిపేరువాళ్ళు

లోపలి గడియ తీసేయించి, బయటి నుంచి నాణెంతో తిప్పగలిగే తాళం పెట్టించండి. లోపల పడిపోయిన మనిషి కోసం తలుపు పగలగొట్టే పరిస్థితి రాకూడదు.

రిపేరుకు మనిషిని పిలిచేటప్పుడు ఫోన్లోనే చెప్పండి: ఇంట్లో పేషెంటు ఉన్నారు, ఫలానా వేళే రండి, వచ్చే ముందు ఫోన్ చేయండి. గోడకు డ్రిల్లింగు ఉంటే ఆ ధూళి ఊపిరితిత్తులకూ కాన్సంట్రేటర్ ఫిల్టరుకూ పడదు. గది తలుపు కింద తడిగుడ్డ పెట్టండి. వెల్డింగు, గ్రైండింగు లాంటి నిప్పురవ్వల పనికి మాత్రం తలుపు మూయడం చాలదు, పని చేయాల్సిన ముక్కను వీధిలోకో మేడ మీదికో పట్టుకెళ్ళి చేయించండి.