బాల్కనీలో బకెట్ ఎరువు: ముందు ఎండుటాకులు, తర్వాతే తొక్కలు

కూరగాయ తొక్కలు చెత్త బండెక్కి డంపింగ్ యార్డుకు చేరితే, అక్కడ గుట్ట అడుగున గాలి ఆడక కుళ్లి మీథేన్‌ను వదులుతాయి. 100 ఏళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే మీథేన్ దాదాపు 27 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అవే తొక్కలు గాలి తగులుతూ కుళ్లితే మీథేన్ పుట్టేది చాలా తక్కువ. బకెట్ కంపోస్టులో మనం చేసే ప్రతి పనీ ఆ గాలి కోసమే.

చాలామంది డబ్బా కొని, తొక్కలు వేసేసి, రెండో వారానికి కంపు భరించలేక మానేస్తారు. తప్పు డబ్బాది కాదు, ఎండు సరుకు లేకపోవడం. అందుకని ముందు దాన్ని సమకూర్చుకోండి. మన దగ్గర వేప, రావి, కానుగ ఆకులు ఫిబ్రవరి, మార్చి నెలల్లో విపరీతంగా రాలతాయి. వీధి చివర వాటిని కుప్పపోసి తగలబెట్టేలోపు రెండు గోనె సంచుల నిండా తెచ్చి, తడి తగలని చోట పెట్టుకోండి. వానాకాలంలో వెతికితే ఎండుటాకు దొరకదు. మామిడి, టేకు ఆకులు మందం, త్వరగా చివకవు. చేత్తో నలిపి వేయాలి. ఆకులు లేకపోతే నర్సరీల్లో దొరికే కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) దిమ్మ కొనండి. దాన్ని నీళ్లలో నానబెట్టకుండా పొడిగానే విరిచి వాడాలి. అడితిలో రంపపు పొట్టు తెచ్చుకున్నా ఫర్వాలేదు గానీ ప్లైవుడ్ పొట్టు వద్దు, అందులో జిగురు ఉంటుంది.

డబ్బాకు ఖర్చు అక్కర్లేదు. 20 లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్‌ను శుభ్రంగా కడిగి, అడుగున 8, చుట్టూ మూడు వరుసల్లో 20 దాకా బెజ్జాలు వేయండి. బెజ్జం పెన్సిల్ దూరేంత ఉంటే చాలు. కింద రెండు ఇటుక ముక్కలు, వాటి మధ్య ఒక పాత పళ్లెం. నలుగురున్న ఇంట్లో ఒక బకెట్ ఇంచుమించు మూడు వారాల్లో నిండుతుంది, అది ఎరువు కావడానికి మరో రెండు నెలలు పడుతుంది. కాబట్టి ఒకటి, రెండు బకెట్లతో గొలుసు తెగిపోతుంది. నాలుగు పెట్టుకోండి.

అడుగున నాలుగు అంగుళాల మందాన ఎండుటాకులు పరిచి, గుప్పెడు పాత కంపోస్టు గానీ రెండు గరిటెల పుల్ల మజ్జిగ గానీ చల్లండి. ఆ పైన రోజూ ఒక గిన్నెడు తొక్కలు వేస్తే అంతే కొలతకు ఒక గిన్నెడు నలిపిన ఆకులు. కోకోపీట్ అయితే అర గిన్నె చాలు. చివర్లో తొక్కలేవీ పైకి కనిపించకూడదు. అరటి తొక్క, క్యాబేజీ మొదలు అంగుళం ముక్కలుగా కోసి వేయాలి. కరివేపాకు రెబ్బలు, మునక్కాడ పిప్పి ఆలస్యంగా చివుకుతాయి, అయినా వేయొచ్చు. మామిడి టెంకలు వద్దు. నూనె తేలిన కూరలు, మాంసం, ఎముకలు, పెరుగన్నం వేయకండి. టీ పొడిలోని పాలు, చక్కెర కడిగేసి వేయండి. లేదంటే తెల్లారేసరికి చీమల బారు తయారవుతుంది.

మూడు రోజులకోసారి కర్రతో అడుగుదాకా కలపాలి. ఒక గుప్పెడు తీసి గట్టిగా పిండి చూడండి. వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు వస్తే తడి సరిపోయినట్టు. ధారగా కారితే ఆకులు కలపాలి, పొడిపొడిగా రాలితే నీళ్లు చిలకరించాలి. మే నెలలో ఎండిపోవడం, జూలైలో ముద్దవడం మామూలే.

కుళ్లిన గుడ్డు వాసన వస్తే తడి ఎక్కువై గాలి ఆడట్లేదని అర్థం. ముక్కు మండే ఘాటు వాసన వస్తే పచ్చి సరుకు ఎక్కువైంది. రెండింటికీ మందు ఒకటే, ఎండుటాకులు వేసి తిరగేయడం. సన్నటి పండు ఈగలు ముసిరితే పైపొర మందం పెంచి, గుప్పెడు వేపపిండి చల్లండి. బూడిదరంగులో, బల్లపరుపుగా ఉండే లావుపాటి పురుగులు కనిపిస్తే హడలిపోకండి. అవి బ్లాక్ సోల్జర్ ఈగ పిల్లలు, కుట్టవు, కరవవు, చెత్తను మనకంటే వేగంగా ఖాళీ చేస్తాయి. వాటిని చూడలేకపోతే తడి తగ్గించండి, రాక తగ్గుతుంది.

నిండిన బకెట్‌ను నీడలో పెట్టి, వారానికోసారి తిరగేస్తూ ఉండండి. ఎరువు నల్లగా మారి, తొలకరి మట్టి వాసన రావాలి. అనుమానముంటే గుప్పెడు ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి మూడు రోజులు ఉంచండి. విప్పగానే పులిసిన వాసన కొడితే ఇంకా కాలేదు. అయ్యాక జల్లెడ పట్టి, పైన మిగిలిన పుల్లలను కొత్త బకెట్ అడుగున వేసేయండి.

కుండీలో మూడు పాళ్ల మట్టికి ఒక పాలు ఎరువు చాలు. ఇంత చిన్న బకెట్ విత్తనాలు చచ్చేంతగా వేడెక్కదు కాబట్టి టమాటా, మిరప మొలకలు వాటంతటవే లేస్తాయి. వాటిని ఉంచుకోండి. గుమ్మడి మొలక కనిపిస్తే మాత్రం ఆ రోజే పీకేయండి, లేదంటే బట్టలారేసే తీగ మీదికి పాకుతుంది.