చెప్పిన మాట చేరిందో లేదో చూసుకోవడం ఎలా

బెంగళూరు పీణ్యాలో లోహపు విడిభాగాలు తయారుచేసే ఒక మెషిన్ షాపులో ప్లానింగ్, డిస్పాచ్ నేనే చూస్తాను. 14 ఏళ్లుగా ఇదే పని. మెషిన్ ముట్టుకోను. రోజంతా ఫోన్లు మాట్లాడతాను, మెసేజ్‌లు రాస్తాను, ఏ మెషిన్ మీద ఏ పనో రాసే జాబ్ కార్డులు నింపుతాను. ఈ మధ్య మా దగ్గర ఇద్దరు కొత్త పిల్లలు చేరారు. వాళ్లకు నేర్పుతున్నదే ఇక్కడ రాస్తున్నాను. ముందుగా వాళ్లకు ఒక ఫోన్ కాల్ గురించి చెప్తాను.

హోసూరులో ఒక కస్టమర్‌కు మేం ఫ్లాంజీలు, అంటే బోల్టులతో బిగించే లోహపు బిళ్లలు, చేసిస్తాం. అక్కడ స్టోర్స్ చూసే అన్న కుప్పం వైపు మనిషి. ఒకసారి సోమవారం 200 ఫ్లాంజీలు పంపాం. వాటి ఇన్‌స్పెక్షన్ అయిందేమో కనుక్కుందామని గురువారం ఫోన్ చేశాను.

"అన్నా, మన ఫ్లాంజీల సంగతేమైంది?"

"అయిపోయినాయక్కా."

"సరే అన్నా."

ఇన్‌స్పెక్షన్ అయిపోయిందని, బిల్లు పంపొచ్చని నేను అనుకున్నాను. ఆయన చెప్పింది స్టాకు ఖాళీ అయిందని. నేను "సరే" అన్నాను కాబట్టి రాత్రికే తర్వాతి లాట్ బయల్దేరుతుందని ఆయన ధీమాగా ఉన్నాడు. శుక్రవారం వాళ్ల అసెంబ్లీ లైన్ సగం పూట ఆగిపోయింది. ఆ తర్వాతి లాట్ ప్యాక్ చేసి మా ర్యాక్‌లోనే ఉంది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. ఇద్దరం తెలుగువాళ్లం, ఇద్దరికీ పని తెలుసు, ఎవరూ అబద్ధం ఆడలేదు.

ఆ తర్వాతే, అసలు ఒక మాట మనిషి నుంచి మనిషికి ఎలా వెళ్తుందో చదివి తెలుసుకున్నాను. 1948లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే టెలిఫోన్ పరిశోధన సంస్థలో క్లాడ్ షానన్ అనే గణితవేత్త దీనికి ఒక బొమ్మ గీశాడు. కబురు ఒక చోట పుడుతుంది, సంకేతంగా మారుతుంది, ఒక దారిలో ప్రయాణిస్తుంది, అవతల మళ్లీ కబురుగా మారి చేరాల్సిన వారికి చేరుతుంది. దారిలో రొద కలుస్తుంది. ఆయన ఆలోచించింది టెలిఫోన్, టెలిగ్రాఫ్ లాంటి వాటి గురించి. మాట అర్థం ఏమిటన్నది ఆ ఇంజనీరింగ్ లెక్కలోకి రాదని ఆయనే చెప్పాడు. మా హోసూరు కాల్‌లో లైన్ శుభ్రంగా ఉంది, ఒక్క అక్షరం కూడా పోలేదు. తప్పు జరిగింది మాట చేరిన తర్వాత. 1954లో విల్బర్ ష్రామ్ అనే కమ్యూనికేషన్ పండితుడు ఈ సంగతే పట్టుకున్నాడు. ఇద్దరి అనుభవాలు ఎంత మేర కలుస్తాయో అంత మేరకే మాట అర్థమవుతుందన్నాడు. ఆ పూట నా తలలో ఇన్‌స్పెక్షన్ ఉంది, ఆయన కళ్ల ముందు ఖాళీ బిన్ ఉంది.

అందుకే ఫోన్ తీసే ముందు అవతలి మనిషి ఇప్పుడు ఏ పనిలో ఉన్నాడో ఒక్క క్షణం ఆలోచించండి. తర్వాత విషయాన్ని పేరు పెట్టి మొదలుపెట్టండి. "సంగతేమైంది" అనకుండా "సోమవారం పంపిన 200 ఫ్లాంజీల ఇన్‌స్పెక్షన్ గురించి అడుగుతున్నా అన్నా" అని ఉంటే ఆ లైన్ ఆగేది కాదు.

రెండు అర్థాలు వచ్చే మాటలు మన భాషలో చాలానే ఉన్నాయి. పని విషయంలో వాటిని పక్కన పెట్టాలి. "అయిపోయింది" ఒకటి. "పంపుతాం" ఇంకొకటి. మామూలుగా పంపుతుంటాం అన్నా పంపుతాం అనే అంటాం, రేపు పంపుతాం అన్నా అదే మాట. ఇక్కడ కన్నడలో "ఆయ్తు" అంటారు. పని పూర్తయిందన్నా ఆయ్తే, సరేలే అన్నా ఆయ్తే. లోహం మీద పూత వేసే ప్లేటింగ్ షాపాయన "ఆయ్తు మేడమ్" అన్నాడని బండి పంపితే, అక్కడ సరుకు ఇంకా తడిగానే ఉండొచ్చు. వీటి బదులు ఎన్ని, ఎక్కడ, ఏ రోజు, ఎన్ని గంటలకు అన్నది చెప్పాలి. "120 పీసులు ప్లేటింగ్ చేసి, ఆరబెట్టి, పెట్టెల్లో పెట్టారా?" అని అడిగితే ఆయ్తు అనేముందు ఆయన వెనక్కి తిరిగి చూస్తాడు.

అంకెల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. షాప్ ఫ్లోర్ రొదలో ఇరవై, అరవై ఒకేలా వినిపిస్తాయి. కన్నడలో ఇప్పత్తు అంటే 20, ఎప్పత్తు అంటే 70. ఇంగ్లీషులో ఫిఫ్టీన్, ఫిఫ్టీ గొడవ ఎలాగూ ఉంది. అందుకే మేం "రెండు, సున్నా" అని ఒక్కో అంకె విడిగా పలుకుతాం. డ్రాయింగ్ కొలతలైతే నోటితో చెప్పనే చెప్పం. డ్రాయింగ్ ఎన్నోసారి మార్చిందో చెప్పే రివిజన్ నంబరుతో సహా రాసి పంపుతాం, ఆ తర్వాతే ఫోన్ చేస్తాం. చెడ్డ కబురుకు మాత్రం దీన్ని తిరగేయాలి. సరుకు ఆలస్యమవుతుందని మెసేజ్‌లో చూసిన కస్టమర్‌కు కోపం రెట్టింపవుతుంది. ముందు ఫోన్ చేసి గొంతుతో చెప్పి, పది నిమిషాల్లో అదే రాసి పంపండి. ఎంత ఆలస్యం, ఎందుకు, ఈలోపు ఎన్ని ఇవ్వగలం అన్నవి అందులో ఉండాలి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, మాట తిరిగి రావడం. షానన్ గీసిన ఆ బొమ్మలో బాణాలన్నీ ఒకే వైపు పోతాయి. ఆఫీసు పనిలో వెనక్కి వచ్చే బాణం లేకపోతే చెప్పినట్టే కాదు. ఈ సంగతి నాకు మా నాన్న ఉద్యోగం వల్ల చిన్నప్పుడే తెలిసి ఉండాల్సింది. ఆయన గుంతకల్ డివిజన్‌లో స్టేషన్ మాస్టర్. పక్క స్టేషన్ వాళ్లు రైలు పంపమంటారా అని అడిగితే "సరే, పంపండి" అంటే చెల్లదు. అనుమతికి గుర్తుగా, తన దగ్గరున్న నంబర్ల షీట్‌లోంచి ఒక ప్రైవేట్ నంబరు చెప్పాలి, అవతలి వాళ్లు దాన్ని రాసుకోవాలి, వాడిన నంబరు కొట్టేయాలి. రాత్రి రెండింటికి నిద్రమత్తులో ఉన్నా సరే, ఆ నంబరు లేనిదే రైలు కదలదు.

విమానాల్లో ఈ పాఠం చాలా ఖరీదుగా నేర్చుకున్నారు. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో పొగమంచులో రెండు జంబో జెట్లు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. అప్పటికే పరుగు మొదలుపెట్టిన విమానం నుంచి "మేం ఇప్పుడు టేకాఫ్‌లో ఉన్నాం" అన్నట్టుగా మాట వచ్చింది. టేకాఫ్‌కు సిద్ధంగా నిలబడ్డారని టవర్‌లో అనుకుని "ఓకే" అన్నారు. వెంటనే ఆగమని కూడా చెప్పారు కానీ, అదే క్షణంలో రెండో విమానం మాట్లాడటంతో రేడియోలో కీచుమనే శబ్దం వచ్చి ఆ మాట సరిగా అందలేదు. ఆ తర్వాత టేకాఫ్ అనే మాటను అనుమతి ఇచ్చేటప్పుడో రద్దు చేసేటప్పుడో తప్ప వాడకూడదన్నారు. ముఖ్యమైన ఆదేశాలకు ఓకే అంటే సరిపోదు, విన్నది తిరిగి చెప్పాలి. మన "సరే", "ఆయ్తు" కూడా ఆ ఓకే లాంటివే.

అయితే తిరిగి చెప్పించుకోవడానికి ఒక పద్ధతి ఉంది. "అర్థమైందా?" అని అడగకండి. పై వాళ్లు అలా అడిగితే ఎవరైనా తలూపుతారు, కాదంటే తెలివితక్కువ వాళ్లనుకుంటారని భయం. భారం మన మీద వేసుకుని అడగాలి. "నేను ఏమైనా వదిలేశానేమో చూసుకోవాలి. మీరు ముందు ఏం చేస్తారో ఒకసారి చెప్పండి" అని.

పోయిన నెలలో జరిగిందే చెప్తాను. బుష్ అనే గొట్టం లాంటి ఒక భాగం డ్రాయింగ్ రివిజన్ బి నుంచి సి కి మారింది. బోర్, అంటే లోపలి రంధ్రం వెడల్పు, 25.0 మిల్లీమీటర్ల నుంచి 25.4 అయింది. సాయంత్రం షిఫ్ట్ మారేటప్పుడు రాత్రి ఆపరేటర్‌కు కొత్త డ్రాయింగ్ చేతికిచ్చి, పాత దాని మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టి, ఏం చేస్తారో చెప్పమన్నాను. అతను డ్రాయింగ్ మీద వేలు పెట్టి మెల్లగా చెప్పుకొచ్చాడు. "ఆఫ్‌సెట్ మారుస్తాను. మొదటి పీసు 25.4కి తీసి క్వాలిటీకి చూపిస్తాను. వాళ్లు సంతకం పెట్టాక మిగతావి నడుపుతాను." అక్కడ ఆగి ట్రే వైపు చూశాడు. "మరి పగలు తీసిన ఈ 18 మేడమ్?"

ఆ 18 నాకు తట్టనే లేదు. అవి పాత కొలతకు తీసినవి. అదే ట్రేలో ఉంటే పొద్దున్నకి కొత్త వాటితో కలిసిపోయేవి. అతనికి అర్థమైందో లేదో చూద్దామని అడిగాను, దొరికింది నా మాటలో లోపం. వాటికి ఎర్ర ట్యాగ్ కట్టి వేరే ర్యాక్‌లో పెట్టించి, బోర్ పెంచి వాడుకోవచ్చా అని డిజైన్ వాళ్లను అడిగాను. వాడుకోవచ్చన్నారు.

దూరంగా ఉన్నవాళ్లకు రాసేటప్పుడూ ఇంతే. మెసేజ్ చివర్లో ఏం జవాబు కావాలో అడగాలి. "అర్జెంట్, కొంచెం చూడండి" అని రాస్తే ఎవరూ చూడరు. నేను ఇలా రాస్తాను: "అన్నా, ఫ్లాంజీలు 150 ఈ రోజు సాయంత్రం 4 గంటలకు బయల్దేరతాయి. మీ గేటు 7 వరకు తెరిచి ఉంటుందా? దించుకునే మనిషి పేరు పంపండి." పేరు వచ్చిందంటే చదివారన్నమాట. నీలం టిక్కులు వచ్చినంత మాత్రాన జవాబు వచ్చినట్టు కాదు. అరగంట చూసి ఫోన్ చేస్తాను.

నా టేబుల్ మీద ఒక గీతల నోట్‌బుక్ ఉంటుంది. ఎడమ పేజీలో నేను ఎవరికి ఏం చెప్పానో, కుడి పేజీలో వాళ్లు తిరిగి ఏం చెప్పారో, టైముతో సహా రాసుకుంటాను. సాయంత్రం ఐదున్నరకు కుడి పేజీ చూస్తాను. ఖాళీగా ఉన్న ప్రతి గీతకూ ఒక ఫోన్ చేశాకే బ్యాగు సర్దుకుంటాను.